పాత కారు రేకుకు క్రొత్త అతుకు

ఇంగ్లండు దేశమునందలి ఆబింగ్డన్ పట్టణములో 1962 మొదలు 1980 వఱకు తయారై, ఐదు లక్షలకు మించిన సంఖ్యలో లోకమంతటను వ్యాపించిన ఎమ్.జి.బి. అను చిన్న స్పోర్ట్సు కారు నేటికిని రోడ్లమీద తిరుగుచున్నదన్నచో, అందులకు కారణము దాని యింజను దార్ఢ్యము మాత్రమే కాదు. అరిగిన యింజనును విప్పి బాగుచేయుట ఎప్పుడైనను సాధ్యమే. కాని తుప్పు తిని చిల్లులు పడిన శరీరమునకు క్రొత్త రేకుల నతికి, పూర్వపు రూపముతోపాటు పూర్వపు బలమును గూడ మరల కలిగించు విద్య యొకటి క్రమక్రమముగా అభివృద్ధి చెందినందుననే యీ కార్లు పాతయినుము దుకాణముల పాలు గాకుండ బ్రతికి బయటపడినవి. చూచువారికి ఆ విద్య నిప్పురవ్వలు రాలు మోటుపనిగా తోచును. నిజమునకు అందు నిర్మాణశాస్త్రము, విద్యుద్రసాయనశాస్త్రము, ఉష్ణశాస్త్రము అను మూడును అడుగడుగున తమ తమ నియమములను అమలు జరుపుచుండును. ఆ నియమముల నెఱిగినవాని యతుకు నిలుచును. ఎఱుగనివాని యతుకు రంగు మెఱయు నంతకాలము మాత్రమే నిలుచును.

ఈ కారును దృష్టాంతముగా గైకొనుటకు తగిన హేతువులు గలవు. దాని శరీర నిర్మాణము ఈ శాస్త్రమును బోధించుటకు మిక్కిలి అనువైనది. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అను సంస్థ ప్రాత అచ్చుయంత్రములను ప్రోగుచేసి 1988 నుండి దీని సంపూర్ణ శరీరములను గూడ మరల తయారుచేయుచున్నందున, దీనికి వలసిన రేకులు నేటికిని క్రొత్తవిగా లభించుచున్నవి. అదియునుగాక, మన దేశములో ఉత్తరపారా కర్మాగారమున 2014 వఱకు తయారైన అంబాసిడరు కారు దీనికి జ్ఞాతియే: అంబాసిడరు మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణికి ప్రతిరూపము; చిరకాలము దానిని నడిపిన 1,489 ఘనసెంటీమీటర్ల యింజనును, ఎమ్.జి.బి.ని నడిపిన 1,798 ఘనసెంటీమీటర్ల యింజనును బి.ఎమ్.సి. సంస్థ వారి ఒకే వంశమునకు చెందినవి. రెండింటి శరీరములును వేరు చట్రము లేనివే. కావున ఇచట చెప్పబోవు సూత్రములు విజయవాడ ఆటోనగరులో టింకరింగు పనికి వచ్చి నిలిచియున్న పాత అంబాసిడరుకును అట్లే వర్తించును.

చట్రము లేని శరీరము

తొలినాళ్ల మోటారు కార్లలో బరువు మోయు పని యంతయు చట్రమునదే. రెండు పొడవైన ఉక్కు దూలములును, వానిని కలుపు అడ్డకమ్ములును చేరి చట్రమగును. ఇంజనును, చక్రములును దానికి బిగింపబడును. ప్రయాణికులు కూర్చుండు శరీరము దానిమీద వేరుగా అమర్పబడును. 1922లో ఇటలీ దేశపు లాంచియా లాంబ్డాయు, 1934లో ఫ్రాన్సు దేశపు సిట్రోయెన్ ట్రాక్షన్ అవాంట్‌యు ఈ సంప్రదాయమును త్రోసిరాజన్నవి. అచ్చులలో నొత్తిన పలుచని ఉక్కు రేకులను ఒకదానితో నొకటి అతికి, ఆ యతుకుల సముదాయమునే బరువు మోయు నిర్మాణముగా చేయుట అప్పటినుండి క్రమముగా వ్యాప్తిలోనికి వచ్చెను. దీనికే మోనోకాక్ నిర్మాణమని పేరు. ఇంగ్లండులో ఉక్కు రేకుల శరీరములు విరివిగా తయారగుటకు, కౌలీలో 1926లో విలియమ్ మోరిస్, అమెరికా దేశీయుడగు ఎడ్వర్డ్ బడ్‌తో కలిసి నెలకొల్పిన ప్రెస్డ్ స్టీల్ కంపెనీ ప్రధాన సాధనమయ్యెను.

ఎమ్.జి.బి.కి పూర్వము వచ్చిన ఎమ్.జి.ఎ. చట్రము గలది, సిడ్ ఎనెవర్ ఆధ్వర్యవమున రూపొందిన ఎమ్.జి.బి. చట్రము లేనిది. పైకప్పు లేని కారునకు చట్రము గూడ లేకుండ చేయుట సాహసమే యనవలెను. కప్పు గల కారులో స్తంభములును కప్పును కలిసి శరీరమును పట్టియుంచును. కప్పు లేనప్పుడు ముందు చక్రముల భాగమును వెనుక చక్రముల భాగముతో కలిపియుంచు బాధ్యత యంతయు నేలరేకు మీదను, నడుమ గేరుబాక్సును కప్పు సొరంగము మీదను, అన్నింటికంటె మిన్నగా, ఇరువైపుల తలుపుల క్రింద పొడవునా సాగు రెండు పెట్టెదూలముల మీదను పడును. ఈ దూలములనే సిల్లు లందురు. వెలుపల కనబడు రేకు ఒకటి, లోపలి రేకు ఒకటి, రెంటి నడుమ నిలువుగా నిలిచిన అడ్డురేకు ఒకటి, అడుగున కాసిల్ రైలను మడత రేకు ఒకటి, ఇవన్నియు అంచులవెంట అతుకబడి ఒక్క సిల్లగును. ఒక్కొక్క రేకు మందము ఇంచుమించు ఒక మిల్లీమీటరు మాత్రమే.

మిల్లీమీటరు మందము గల రేకును బలశాలి కానివాడును చేతితో వంచగలడు. అట్టి రేకు టన్నుకు సమీపమగు కారును గుంతలలోను మలుపులలోను సడలకుండ ఎట్లు మోయగలుగుచున్నది? ఈ ప్రశ్నకు సమాధానము 1896లో రుడోల్ఫ్ బ్రెట్ అను జర్మను ఇంజనీరు పలుచని గోడలు గల గొట్టముల మెలిని గూర్చి ప్రకటించిన సూత్రమునందున్నది. గొట్టపు గోడ చుట్టును ఎడము లేకుండ మూసుకొనియున్నచో, మెలిని ఎదిరించు దాని బిగువు ఆ గోడ ఆవరించిన వైశాల్యము యొక్క వర్గముననుసరించి పెరుగును. అనగా రేకు పలుచనిదైనను, అది చుట్టిన స్థలము పెద్దదైనచో గొట్టము గట్టిదగును. ఇది మూసిన గొట్టమునకే చెల్లును. నూఱు మిల్లీమీటర్ల వ్యాసము, ఒక మిల్లీమీటరు మందము గల ఉక్కు గొట్టమును ఒక చివరనుండి మఱియొక చివర వఱకు నిలువునా ఒక్క గీటు కోసి చూడుడు: దానిలోని లోహము తగ్గలేదు, తూకము తగ్గలేదు, కంటికి రూపము మారలేదు, ఐనను మెలిని ఎదిరించు బిగువు లెక్క ప్రకారము 7,500 వంతులలో ఒక వంతునకు దిగజారును.

ఇది నమ్మశక్యము కానివారు ఒక కాగితమును తీసికొని గొట్టముగా చుట్టి, అంచును జిగురుతో పొడవునా అతికి, ఆరిన పిదప రెండు చివరలను పట్టి మెలిపెట్టి చూడవచ్చును. కాగితము మొండికెత్తి నిలుచును. అదే కాగితమును జిగురు లేకుండ చుట్టి మెలిపెట్టినచో సులువుగా లొంగిపోవును. లొంగునప్పుడు ఆ రెండు అంచులను పరికించినచో, అవి ఒకదానిప్రక్క నొకటి పొడవు దిశగా జారుట స్పష్టముగా కనబడును. ఆ జారుడును ఆపుటయే అతుకు చేయు పని. మోనోకాక్ శరీరమునందు బలము రేకుది కాదు, రేకు దాల్చిన ఆకారముది; ఆ యాకారమును ఆకారముగా నిలుపునది అతుకు. ఇంతవఱకు గ్రహించినవానికి తుప్పు చేయు ద్రోహ మెట్టిదో తక్షణమే బోధపడును.

తుప్పు కాపురముండు చోటు

ఉక్కు తుప్పు పట్టుట ఒక విద్యుద్రసాయన వ్యాపారము. తడిసిన ఇనుపరేకుమీద ఒకచోట ఇనుము ఎలక్ట్రానులను విడిచి, అయానులుగా నీటిలో కరగును. మఱియొకచోట ఆ యెలక్ట్రానులను నీటిలో కలిసియున్న ప్రాణవాయువు గ్రహించును. కరిగిన ఇనుము పిమ్మట నీటితోను ప్రాణవాయువుతోను కూడి ఎఱ్ఱని తుప్పుగా పేరుకొనును. నీరు లేకున్నను, ప్రాణవాయువు లేకున్నను ఈ వ్యాపారము సాగదు. ఉప్పు కలిసినచో నీటి విద్యుద్వాహకత్వము పెరిగి వ్యాపారము వేగిరపడును. శీతకాలమునందు మంచు కరగుటకు రోడ్లమీద ఉప్పు చల్లు ఇంగ్లండు దేశములో కార్లు త్వరగా శిథిలమగుటకును, విశాఖపట్టణము, కాకినాడ వంటి సముద్రతీర పట్టణములలో బండ్లకు తుప్పుభయము మెండగుటకును కారణ మిదియే.

ఇందొక వింత గలదు. ప్రాణవాయువు సమృద్ధిగా తగులు చోట గాక, అది కొఱవడిన చోటనే ఇనుము ఎక్కువగా కరగును. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన యులిక్ ఎవాన్స్ ఉప్పునీటి బొట్టును నున్నని ఇనుపరేకుమీద నుంచి ఈ సత్యమును కన్నులకు కట్టించెను: గాలి బాగుగా సోకు బొట్టు అంచున ఇనుము భద్రముగా నుండ, గాలి అందని బొట్టు నడిమిభాగమున ఇనుము కరగెను. ఈ ప్రయోగఫలితమును కారుకు అన్వయించినచో, రెండు రేకుల అంచులు ఒకదానిపై నొకటి చేరి స్పాట్ వెల్డింగుతో అతుకబడిన చోటనే అపాయము పొంచియున్నదని తేలును. ఆ సన్నని సందులోనికి నీరు తనంతట తాను ఎగబ్రాకి చేరును; చేరినది త్వరగా ఆరదు; గాలి లోపలికి పోజాలదు; రంగు వేయువాని తుంపరయు అచటికి చేరజాలదు. ఎమ్.జి.బి.లో ముందు చక్రముల వెనుక, మడ్‌గార్డుకును తలుపు స్తంభమునకును నడుమ, చక్రము చిమ్మిన బురద నిలుచు స్థల మొకటి గలదు. సిల్లు నాశనము తఱచుగా అచటినుండియే ఆరంభమగును.

పుట్టిన తుప్పు ఊరకుండదు. అది తాను పుట్టిన ఇనుముకంటె రెండింతలకు మించిన స్థలమును ఆక్రమించును. నీరు చేరిన రూపములలో ఇంకను ఎక్కువ. కావున సందులో పెరిగిన తుప్పు రెండు రేకులను బలవంతముగా ఎడమొనర్చి, స్పాటులను ఒక్కొక్కటిగా చీల్చి, క్రొత్త నీటికి దారి కల్పించును. వెలుపలి రంగు పొక్కుగా లేచి మనకు కనబడు నాటికి లోపలి అడ్డురేకు చాలవఱకు అంతరించియుండుట సామాన్యము. అప్పటికి మూసిన గొట్టము కోసిన గొట్టమైనది. జాకీ పెట్టి లేపినప్పుడు తలుపు బిగుసుకొనిపోవుటయో, తలుపు పైభాగపు సందు ఇరుకగుటయో చూచినచో, శరీరము నడుము వంగినదని గ్రహింపవలెను.

ఇట్టి సమయమున చౌకగా పని ముగింపగోరువారు కుళ్లిన సిల్లు మీదనే పైతొడుగుగా ఒక క్రొత్త రేకును అతికి రంగు వేయుదురు. తొడుగు సిల్లులని పేరుగల ఈ రేకులు అంగళ్లలో దొరకును గూడ. శాస్త్రదృష్టిలో ఇది చికిత్స కాదు, వంచన. క్రొత్త రేకు యొక్క అంచు దేనికి అతుకబడినదో ఆ పాతరేకునకే బలము లేదు. కోసిన గొట్టము కోసిన గొట్టముగానే యున్నది. పైగా తొడుగునకును పాతరేకునకును నడుమ క్రొత్తగా నొక సందు కల్పింపబడి, తుప్పునకు రెండవ గృహము సిద్ధమైనది.

కోతకు ముందు

నిజమైన చికిత్సలో మొదటి పని కోయుట కాదు, కట్టుట. కారు బరువును ఇరుసుల దగ్గర ఆనికలమీద సమముగా నిలిపి, నేల మట్టమును సరిచూచి, తలుపు తెఱపు ముందు స్తంభమునుండి వెనుక స్తంభమునకు ఉక్కు గొట్టములను తాత్కాలికముగా అతికి లేక బిగించి, శరీరము కదలకుండ బంధింపవలెను. మూలనుండి మూలకు కొలతలు తీసి వ్రాసియుంచవలెను. రెండు సిల్లులను ఒకేసారి కోయరాదు. ఒకవైపు పూర్తియై, తలుపు మునుపటివలె పడి, కొలతలు సరిపోయిన పిమ్మటనే రెండవవైపు ముట్టవలెను. కప్పు లేని కారులో ఈ జాగ్రత్తను పాటింపనిచో, క్రొత్త సిల్లు శరీరమును సరిచేయదు, వంగిన శరీరమును వంగినచోటనే శాశ్వతముగా బంధించును. అట్టి కారునకు తలుపు పట్టించుట తరువాత ఎవ్వరికిని తరము గాదు.

ఎమ్.జి.బి. ముందు మడ్‌గార్డులు బోల్టులతో బిగింపబడినవి కావున విప్పదీయవచ్చును, వెనుకవి అతుకబడినవి. సిల్లు రెండు కొనలును ఈ మడ్‌గార్డుల వెనుకకు చొచ్చుకొనిపోయి ముగియును. కనుక వెనుక మడ్‌గార్డు అడుగుభాగమును కోయకుండ సిల్లును సమగ్రముగా మార్చుట సాధ్యము కాదు. ఆ కోతకు వెఱచి, కనబడు నంతమేర మాత్రమే మార్చి ఊరకుండువారు కలరు. కొన యతుకులేని దూలము బరువును ఎవరికి అప్పగించును?

పాతరేకును ఊడదీయుటకు ప్రతి స్పాటును వెదకి, గీకి, పైరేకును మాత్రమే తొలిచి క్రిందిరేకును వదలు ప్రత్యేకమైన డ్రిల్లు బిట్టుతో తొలుచుట మేలైన పద్ధతి. పిమ్మట మెఱయు లోహము కనబడు వఱకు గ్రైండరుతో శుభ్రపఱచి, సన్నగిలిన భాగము నంతటిని నిర్దాక్షిణ్యముగా కోసివేయవలెను. కొంత మిగిల్చిన నష్టమేమని అడుగువారికి సమాధానము వెల్డింగు మంటయే చెప్పును: మిల్లీమీటరు మందము గల రేకును సరిగా కరగించు వేడి, తుప్పు తిని అందులో మూడవవంతు మిగిలిన రేకును క్షణములో బొక్కపుచ్చును, ఆ బొక్కను పూడ్చబోయిన కొలదియు అది పెద్దదగుచుండును. క్రొత్తగా కొన్న రేకు సైతము ఉన్నదున్నట్లుగా పడునని ఆశింపరాదు. దానిని క్లాంపులతోను, మరలతోను తాత్కాలికముగా నిలిపి, తలుపు నమర్చి, మడ్‌గార్డు నమర్చి, సందులన్నియు సమముగా నున్నవని చూచి, విప్పి, సరిదిద్ది, మరల నమర్చి చూడవలెను. అతుకుట గంటల పని. అమర్చుట దినముల పని.

అతుకు అగ్ని

కర్మాగారమునందు ఈ రేకులను కలిపినది మంట కాదు, విద్యుత్తు. ఇంగ్లండులో జన్మించి అమెరికాలో స్థిరపడిన ఎలిహు థామ్సన్ అను శాస్త్రజ్ఞుడు, విద్యుత్తు లోహములో ప్రవహించునప్పుడు పుట్టు వేడితోనే ఆ లోహమును అతుకవచ్చునని కనిపెట్టి 1886లో హక్కుపత్రమును పొందెను. పుట్టు వేడి విద్యుత్ప్రవాహము యొక్క వర్గమునకును, నిరోధమునకును, కాలమునకును అనుపాతములో నుండునన్న జూల్ సూత్రమే దీనికి మూలము. రెండు రేకులను రెండు రాగి మొనల నడుమ నొక్కి, కొద్ది వోల్టుల ఒత్తిడితో ఎనిమిది, పది వేల ఆంపియర్ల ప్రవాహమును సెకనులో అయిదవవంతు కాలము పంపుదురు. రాగి నిరోధము స్వల్పము. రెండు రేకులు ఒరయు చోటనే నిరోధ మధికము. కావున వేడి సరిగా కావలసిన స్థలముననే, రేకుల నడుమనే పుట్టి, సుమారు అయిదు మిల్లీమీటర్ల వ్యాసము గల చిన్న బిళ్లగా లోహము కరగి గడ్డకట్టును. అట్టి బిళ్లలు వేలకొలది చేరి ఒక కారు శరీర మగును.

మరమ్మతు చేయువానికి ఈ యంత్రము తఱచుగా అక్కఱకు రాదు. సిల్లు పెట్టెలోపలికి రెండవ రాగిమొనను చేర్చు దారి యుండదు. అందుచేత అతడు పైరేకు అంచున అయిదాఱు మిల్లీమీటర్ల రంధ్రములు వరుసగా పొడిచి, క్రిందిరేకును దానికి గట్టిగా అదిమి, రంధ్రములోనుండి క్రిందిరేకును మొదట కరగించి, పిదప రంధ్రమును లోహముతో నింపును. దీనిని ప్లగ్ వెల్డింగందురు. క్రిందిరేకు కరగకయే రంధ్రము నిండినచో పైకి చక్కగా కనబడును కాని పట్టుండదు. అందులకే నేర్పరియగు పనివాడు ముందుగా పనికిరాని తునకలమీద అట్టి యతుకును వేసి, ఉలితో చీల్చి చూచును. రేకు చినిగి బిళ్ల నిలిచినచో యంత్రము సరిగా అమరినదని అర్థము, బిళ్ల ఊడివచ్చినచో అమరలేదని అర్థము.

పూర్వపు పనివారందఱును గ్యాసు వెల్డింగునే వాడిరి. ఫ్రాన్సు దేశమున ఎడ్మండ్ ఫూషే, షార్ల్ పికార్ అనువారు 1903 ప్రాంతమున ఆక్సిజనును ఎసిటిలీనును కలిపి మండించు గొట్టమును వాడుకలోనికి తెచ్చిరి. దాని జ్వాల 3,100 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు వేడెక్కును. ఆ యతుకు మెత్తనిది, సుత్తికి లొంగునది. కాని జ్వాల వెడల్పైనది, మెల్లనిది. చుట్టుప్రక్కల రేకు నంతటిని వేడిచేయును. నేడు విరివిగా వాడబడు మిగ్ వెల్డింగు 1948లో అమెరికాలోని బాటెల్ సంస్థలో రూపొందెను. ఇందు సన్నని తీగయే విద్యుద్ధ్రువము. కారు రేకులకు 0.6 మిల్లీమీటర్ల తీగ సరిపోవును. తీగ నిరంతరము ముందుకు వచ్చుచుండ, ఆర్గానును బొగ్గుపులుసు వాయువును కలిపిన మిశ్రమము చుట్టును వీచి, గాలిలోని నత్రజని, ప్రాణవాయువులు కరగిన లోహమును చెఱచి బుడగలమయము చేయకుండ కాపాడును. పలుచని రేకు పనిలో తీగకొన కరగిన లోహమును తాకి, మండి, తెగి, మరల తాకుచుండును. ఇట్లు సెకనునకు నూఱుసార్లకు అటు నిటుగా జరుగును. యంత్రము సరిగా కుదిరినప్పుడు ఆ ధ్వని పోపులో ఆవాలు చిటపటలాడినట్లు ఎడతెగక వినబడును. అనుభవజ్ఞుడు ముసుగులోనుండి కన్నుతో ఎంత చూచునో చెవితో అంత వినును.

వేడి చేయు వికారము

ఇంతవఱకు చెప్పినది రేకును కలుపు విద్య. దానిని మించినది, కలిపిన రేకును ముడుత పడకుండ నిలుపు విద్య. మీటరు పొడవు ఉక్కు నూఱు డిగ్రీలు వేడెక్కినచో సుమారు 1.2 మిల్లీమీటర్లు సాగును. ఇనుము 1,538 డిగ్రీలకు గాని కరగదు గనుక, అతుకు వెంబడి లోహము ఎంతగా సాగగోరునో ఊహింపవచ్చును. చల్లగానున్న చుట్టుప్రక్కల రేకు దానిని సాగనీయదు. సాగ వీలులేని వేడిలోహము, అప్పటికి మెత్తబడియుండుటచేత, ఇరుకుననే అణగి కొంచెము దళసరి యగును. చల్లారునప్పుడు కథ తలక్రిందగును: పొట్టియైన ఆ లోహము ఇంకను కుదించుకొనుచు, చుట్టునున్న రేకును తనవైపునకు లాగును. అంచునందు లోహము కుంచించుకొని, నడుమ లోహము ఎప్పటివలె నున్నందున, నడిమి రేకు ఉబ్బియో కుంగియో, వ్రేలితో నొక్కిన టక్కున లోనికి పోయి మరల పైకి లేచుచుండును. తలుపు రేకువంటి విశాలమైన, చదునైన భాగములలో ఈ దోషము ప్రబలము. మడతలు, వంపులు గల సిల్లులో స్వల్పము. ఇచటను రక్షించునది ఆకారమే.

ఈ నియమము తెలిసినవాడు అతుకును ఒక కొననుండి ఒక కొనకు గీతవలె లాగడు. రేకుల అంచులు ఒకదాని కొకటి ఎదురుగా నిలిపి అతుకునప్పుడు, నడుమ మిల్లీమీటరుకు మించని సందుంచి, ముందుగా అంగుళమున కొకటి చొప్పున చిన్న చిన్న టాకులు వేయును. వేసిన టాకు ప్రక్కననే మఱియొకటి వేయక, దూరముగా ఎడమచివర నొకటి, కుడిచివర నొకటి, నడుమ నొకటి వేయుచు, చేతితో తాకిచూచి, వేడి తగ్గిన పిమ్మటనే మరల ఆ దరికి వచ్చును. ఇట్లు చుక్క చుక్కతో చేరి గీతయగును. త్వరపడి తడిగుడ్డతో చల్లార్చువారు కలరు గాని, ఓపికతో విడిచి విడిచి వేయుట నమ్మదగిన పద్ధతి. ఇంత చేసినను కొంత కుదింపు తప్పదు. దానికి ప్రతిక్రియ సుత్తి: అతుకు వెనుక డాలీ యను ఉక్కు దిమ్మను ఆనించి, ముందువైపునుండి అతుకు మీదనే కొట్టినచో, కుంచించిన లోహము నలిగి మరల సాగి, లాగుడు సడలును. మిగ్ అతుకు కఠినమైనది గనుక ముందుగా దాని మిట్టను గ్రైండరుతో తగ్గించి కొట్టవలెను. అందును గ్రైండరు వేడి మఱియొక వికారమునకు దారితీయకుండ చూడవలెను. గ్యాసు అతుకును, టంగ్‌స్టన్ మొనతో వేయు టిగ్ అతుకును మెత్తనివి గనుక సుత్తికి చక్కగా లొంగును. విశాలమైన పైరేకుల పనిలో నిపుణులు నేటికిని వానిని ఆదరించుటకు హేతు విదియే.

కార్లకు వాడు మెత్తని ఉక్కులో కర్బనము అత్యల్పము, నూటికి పదవవంతు ప్రాంతము. అందుచేత అతుకు త్వరగా చల్లారినను పెళుసుబాఱదు. పాత కార్ల మరమ్మతు సాధారణ పనిముట్లతో సాధ్యమగుటకు ఇదియు నొక కారణము. ఇప్పటి కార్లలో ప్రత్యేకముగా బిగువెక్కించిన ఉక్కులు వాడబడుచున్నవి; వేడి తగిలినచో వాని బలము పోవును గనుక, ఈ పద్ధతులను వానికి విచక్షణ లేకుండ వర్తింపజేయరాదు.

పనివాని రక్షణ, అతుకు రక్షణ

వెల్డింగు వెలుగులో అతినీలలోహిత కిరణములు తీవ్రముగా నుండును. ముసుగు లేకుండ చూచినవానికి అప్పుడేమియు తెలియదు. కొన్ని గంటల తరువాత, సామాన్యముగా రాత్రివేళ, కన్నులలో ఇసుక పోసినట్లు బాధ ఆరంభమగును. జింకు పూతగల రేకును అతుకునప్పుడు, జింకు 907 డిగ్రీలకే ఆవిరియగును గనుక, ఉక్కు కరగకముందే తెల్లని పొగ లేచును; దానిని పీల్చినవారికి చలిజ్వరము వచ్చును. క్లోరిను కలిసిన ద్రావకములతో రేకును తుడిచి ఆరకముందే వెల్డింగు చేసినచో విషవాయువగు ఫాస్జీను పుట్టగలదు. ఇవన్నియు నటుండ, ప్రత్యక్షమైన ప్రమాదము నిప్పు: బ్యాటరీని విప్పి, పెట్రోలు ట్యాంకును దూరముగా తీసి, సీట్లను, తివాచీలను తొలగించి, మంటలార్పు సాధనమును చేరువనుంచుకొని గాని వెల్డింగు తుపాకీ మీటను నొక్కరాదు. రేకు అవతలి ప్రక్కనున్న పాత తారుపూత చాటుగా రాజుకొని, పనివాడు ఇంటికి పోయిన తరువాత మండుట కలదు.

అతుకు ముగిసినంతమాత్రమున పని ముగియలేదు. వెల్డింగు వేడి లోపలివైపు రంగును కాల్చి, రేకును నగ్నముగా విడిచిపెట్టినది. తుప్పునకు అంతకంటె ఆహ్వానము లేదు. అందుచేత ఒకదానిపై నొకటి చేరు అంచులకు అతుకుటకు ముందే జింకు కలిపిన, విద్యుత్తును ప్రవహింపనిచ్చు ప్రైమరు పూయుదురు. ఆర్కు తగిలినచోట అది కాలిపోయినను, ప్రక్కల మిగిలినది తాను కరగి ఇనుమును కాచును. అతుకు వెలుపలి సందులను సీలరుతో మూయుదురు. రంగు పని పూర్తియైన పిమ్మట పెట్టెదూలము లోపలికి సన్నని గొట్టముతో పలుచని మైనమును చిమ్ముదురు. అది సందులలోనికి ప్రాకి నీటిని వెళ్లగొట్టి నిలుచును. క్రింద నీరు కారుటకు కర్మాగారమువారు విడిచిన రంధ్రములను పూడ్చరాదు. వాటిని సీలరుతో మూసి చక్కగా పనిచేసితినని సంతోషించువాడు నీటిని లోపల నిలువజేసినవాడగును.

పై నునుపు సంగతి చివరది. పూర్వము కర్మాగారములలో అతుకుల పల్లములను తగరము, సీసము కలిసిన మిశ్రమముతో నింపెడివారు. 183 డిగ్రీల వద్ద మెత్తబడ నారంభించు ఆ మిశ్రమమును చెక్కబద్దతో వెన్నవలె పూసి, ఆకురాయితో నునుపుచేసెడివారు. సీసపు ధూళి విషమగుటచేత నేడు దాని స్థానమును లప్పము ఆక్రమించినది. సరియైన అతుకుమీద మిల్లీమీటరు మందమున పూసిన లప్పము దోషము గాదు. చిల్లును పూడ్చుటకు పూసిన లప్పము దోషము. అది బరువు మోయదు, తేమను పీల్చును, తన వెనుక జరుగు నాశనమును కొనువాని కంటబడకుండ దాచును.

పాత కారును కొనువారికిని, బాగుచేయించువారికిని ఈ అధ్యాయసారము ఇంతమాత్రము. మెఱయు రంగును చూచి మోసపోవలదు. చిన్న అయస్కాంతమును సిల్లుల వెంబడి జరిపి, అది పట్టువదలిన చోట లప్పమున్నదని గుర్తింపుడు. తలుపు సందులు పై నుండి క్రిందికి సమముగా నున్నవో లేవో చూడుడు. మరమ్మతు చేయు మేస్త్రిని, రంగు వేయకముందే చూపుమని అడిగి, పాతరేకును కోసి తీసెనా లేక దానిమీదనే తొడిగెనా అని పరీక్షింపుడు. తీసిన పాతరేకును చూపమని కోరుట అమర్యాద కాదు. మంచి పనివాడు దానిని సంతోషముతో చూపును.